ఆప్టిమైజేషన్‌లో అసలు సిమ్యులేషన్ బదులు అప్రాక్సిమేషన్ మోడల్ ఎందుకు?

ఒక్కో క్రాష్ రన్‌కి (వాహనం ఢీకొనడాన్ని కంప్యూటర్‌లో సిమ్యులేట్ చేయడం) 10 గంటలు పడుతుంటే, మంచి డిజైన్ వెతికే ప్రోగ్రామ్ అంటే ఆప్టిమైజర్ అడిగే వెయ్యి రన్‌లు ఎలా చేస్తాం అని అడిగారు కదా, చెయ్యమండి, అందుకే అప్రాక్సిమేషన్ మోడల్. డిజైన్ స్పేస్‌లో, అంటే వేరియబుల్స్ తీసుకోగల విలువల పరిధిలో, అక్కడక్కడా కొన్ని పాయింట్లు తీసుకుని (లాటిన్ హైపర్‌క్యూబ్ అనే పాయింట్లు ఎంచుకునే పద్ధతి అయితే అన్నీ ఒకేచోట గుమిగూడవు) వాటికి మాత్రమే అసలు సిమ్యులేషన్ రన్ చేసి, వచ్చిన ఫలితాల మీద ఒక ఫార్ములా ఫిట్ చేస్తాం, ఇక ఆప్టిమైజర్ దాన్నే అడుగుతుంది, జవాబు క్షణంలో వచ్చేస్తుంది.

షీట్ మందాలు 6 వేరియబుల్స్ అనుకోండి, క్వాడ్రాటిక్ పాలినామియల్‌కి (వర్గాల దాకా వెళ్ళే ఫార్ములా) 28 కోఎఫిషియంట్లు (ఫిట్‌లో కనుక్కోవాల్సిన సంఖ్యలు), అంటే కనీసం 28 రన్‌లు, నేనైతే 50 దాకా చేస్తా. సరిగ్గా 28తో ఫిట్ చేస్తే అన్ని పాయింట్ల గుండా వెళ్ళిపోయి ఆర్ స్క్వేర్ (ఫిట్ ఎంత బాగా కుదిరిందో చెప్పే కొలత) 1 చూపిస్తుంది, అది చూసి అస్సలు నమ్మొద్దు! ఫిట్‌లో వాడని ఐదారు పాయింట్ల దగ్గర ఎర్రర్ ఎంతుందో చూడండి.

రెస్పాన్స్ (సిమ్యులేషన్ ఇచ్చే ఫలితం) బాగా వంకరటింకరగా ఉంటే క్రిగింగ్ అనే మరో ఫిట్టింగ్ పద్ధతి బెటర్, సౌతాఫ్రికా మైనింగ్ ఇంజనీర్ డానీ క్రిగ్ బంగారు గనుల అంచనాల కోసం చేసిన పని నుంచి వచ్చిందది, ఎక్కడ నమ్మకం తక్కువో కూడా చెప్తుంది. ఆప్టిమమ్ (అన్నిటికంటే మంచి డిజైన్) దొరికాక ఆ పాయింట్‌కి అసలు రన్ చేయండి, తేడా ఎక్కువుంటే దాన్నీ కలిపి మళ్ళీ ఫిట్ చేయాలి.