సముద్రం మీద రాడార్ అందని చోట పైలట్ తన స్థానం ఎలా చెబుతాడు?

రాడార్ చూపు తీరం నుంచి సుమారు 400 కిలోమీటర్లే. ఆ తర్వాత, స్థానాన్ని తనంతట తానే పంపే వ్యవస్థ లేని విమానానికి పైలట్ నోటి మాటే ఆధారం. ఉత్తర అట్లాంటిక్‌నే తీసుకోండి: లండన్ నుంచి న్యూయార్క్ వెళ్లే అలాంటి విమానం సాధారణంగా ప్రతి 10 డిగ్రీల రేఖాంశం దాటగానే హెచ్‌ఎఫ్ రేడియోలో (చాలా దూరం వినిపించే షార్ట్‌వేవ్ రేడియో) ఇలా చెప్పాలి (1020 అంటే సమయం 10:20): "52 ఉత్తరం 30 పశ్చిమం, 1020కి దాటాం, ఎత్తు 35,000 అడుగులు, 52 ఉత్తరం 40 పశ్చిమానికి 1110, ఆ తర్వాత 51 ఉత్తరం 50 పశ్చిమం." వినేది విమానాల రాకపోకలను నియంత్రించే కంట్రోలర్ కాదు, ఐర్లండ్‌లోని రేడియో ఆపరేటర్. ఆయన తిరిగి చదివి వినిపించి, రాసుకున్నది కంట్రోలర్‌కు పంపుతాడు.

హెచ్‌ఎఫ్‌లో గరగర భరించలేం. అందుకే పైలట్లు దాన్ని వింటూ కూర్చోరు; వాళ్లతో పని పడితే ఆపరేటర్ పంపే సంకేతానికి విమానంలో సెల్‌కాల్ అనే గంట మోగుతుంది.

ఇప్పుడు చాలా విమానాల్లో ఈ చదువుడు లేదు. ఏడీఎస్-సీ అనే వ్యవస్థ ఆ వివరాలనే ఉపగ్రహం ద్వారా తనంతట తానే పంపేస్తుంది.