ప్లాటు అమ్మి టెన్నిస్ ఆడించవచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. నా భర్త ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో ఉద్యోగి, నేను ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మా అబ్బాయి జూనియర్ ఇంటర్ ఎంపీసీ పూర్తిచేశాడు. తొమ్మిదో ఏటి నుంచి టెన్నిస్ ఆడుతున్నాడు, ఇప్పుడు అఖిల భారత అండర్-18 ర్యాంకుల్లో మొదటి యాభై మందిలో ఉన్నాడు. అకాడమీ వారు ఇంటర్ మానిపించి రెండేళ్లు స్పెయిన్‌లో శిక్షణకు పంపమంటున్నారు. మొత్తం అరవై లక్షలు అవుతుందట. తుళ్లూరు దగ్గర మాకున్న ఒక్క ప్లాటు అమ్మితే ఆ సొమ్ము వస్తుంది. నెలాఖరులోగా రెండు లక్షలు అడ్వాన్సు కట్టాలి. ఒకసారి ఏటీపీ ర్యాంకు (పురుషుల వృత్తి టెన్నిస్‌లో ప్రపంచ ర్యాంకు) వస్తే ఇక ఆటే డబ్బు తెస్తుందని కోచ్ గారు చెబుతున్నారు. అది నిజమేనా? మేమేం చేయాలి?

జవాబు: అమ్మా, ముందుగా కోచ్ గారి మాట సంగతి చూద్దాం. ఏటీపీ ర్యాంకు రావడం వేరు, ఆ ర్యాంకు అన్నం పెట్టడం వేరు. ఒక్క పాయింటు సంపాదించిన కుర్రవాడికి కూడా ర్యాంకు వస్తుంది, కాకపోతే అది వెయ్యికి చాలా అవతల ఉంటుంది. ఆట తన ఖర్చు తాను భరించుకోవడం మొదలుపెట్టేది సుమారు 250వ ర్యాంకు దగ్గర. ఆ మధ్య కాలమంతా ఇంటి డబ్బుతోనే గడవాలి, కాబట్టి మీ దగ్గరున్న ఒకే ఒక ఆస్తిని ఆ కాలంలో ఏ దశ కోసం దాచాలన్నదే మీరు తేల్చుకోవలసిన విషయం. నా సలహా అడిగారు గనుక సూటిగా చెబుతున్నాను: ప్లాటు ఇప్పుడు అమ్మవద్దు, ఇంటర్ మానిపించవద్దు.

250 అన్న అంకె నేను ఊహించి చెప్పినది కాదు. ఏడాదికి నాలుగు జరిగే అతిపెద్ద టోర్నీలైన గ్రాండ్‌స్లామ్‌ల పురుషుల క్వాలిఫయింగ్ పోటీలకు (మెయిన్ డ్రా, అంటే అసలు పోటీలో చోటు కోసం ముందుగా ఆడే అర్హత పోటీలకు) నేరుగా అవకాశం దొరికేది దాదాపు ఆ ర్యాంకు వరకే. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ తొలి రౌండులోనే ఓడిపోయిన ఆటగాడికి 35 వేల ఆస్ట్రేలియన్ డాలర్లు ఇచ్చారు, మెయిన్ డ్రా తొలి రౌండులో ఓడినవారికి 1,32,000 ఇచ్చారు. ఏడాదికి నాలుగుసార్లు ఆ స్థాయి సొమ్ము చేతికొస్తే మిగిలిన వారాల నష్టం పూడుతుంది. 2024లో ఏటీపీ ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన కనీస ఆదాయ పథకం కూడా అక్కడే గీత గీసింది. నిర్ణీత సంఖ్యలో టోర్నీలు ఆడడం వంటి షరతులకు లోబడి, ఆ ఏడాది మొదటి వంద మందికి 3 లక్షల అమెరికన్ డాలర్లు, 101 నుంచి 175 వరకు లక్షన్నర, 176 నుంచి 250 వరకు 75 వేల డాలర్ల వార్షిక ఆదాయానికి ఆ పథకం హామీ ఇచ్చింది. 251వ ఆటగాడికి ఆ హామీ లేదు. అంతకు ముందు, 2014లో అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య ఒక సమీక్ష వెలువరించింది. కోచ్ ఖర్చును పక్కన పెట్టినా పురుషులలో 336వ ర్యాంకు, మహిళలలో 253వ ర్యాంకు దాకా వచ్చినవారికే రాబడీ ఖర్చూ సరిపోతున్నాయని, 2013 లెక్కలను బట్టి అది తేల్చింది. కోచ్ జీతం కలిపితే ఆ గీత ఇంకా పైకి జరుగుతుంది.

అబ్బాయి అడుగుపెట్టబోయే మొదటి మెట్టును ఎం15 టోర్నీలు అంటారు. మొత్తం ప్రైజ్‌మనీ 15 వేల డాలర్లు కావడం వల్ల ఆ పేరు వచ్చింది. సింగిల్స్ విజేతకు దక్కేది 2,160 డాలర్లు, క్వార్టర్ ఫైనల్లో ఓడితే 438, రెండో రౌండులో ఓడితే 258, తొలి రౌండులో ఓడితే 156. ర్యాంకు లేని కొత్త కుర్రవాడు సాధారణంగా క్వాలిఫయింగ్ నుంచే ఆడుకుంటూ రావాలి, అక్కడ ఓడినవారికి డబ్బేమీ రాదు.

ఈ అంకెలను ఒక ప్రయాణంగా మార్చి చూడండి. తుర్కియేలోని అంటాల్యాలో, ట్యునీషియాలోని మోనాస్టిర్‌లో ఈ స్థాయి టోర్నీలు వారం వెంట వారం జరుగుతూనే ఉంటాయి కాబట్టి మన కుర్రవాళ్లు అక్కడికి వెళ్లి మూడేసి వారాలు ఉంటారు. గన్నవరం నుంచి రానుపోను విమాన టిక్కెట్లు సుమారు డెబ్బై వేలు అనుకుందాం. బసకూ భోజనానికీ రోజుకు ఆరు వేల చొప్పున ఇరవై ఒక్క రోజులకు లక్షా ఇరవై ఆరు వేలు. వీసా, బీమా, గట్టింగ్ (రాకెట్‌కు తీగలు వేయించడం) ఖర్చులు మరో ముప్పై వేలు. కోచ్ వెంట లేకుండానే రెండు లక్షల పాతిక వేలు దాటింది. ఇక రాబడి. కుర్రవాడు బాగా ఆడి రెండు వారాలు రెండో రౌండు దాకా, ఒక వారం క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లాడనుకుంటే 954 డాలర్లు, అంటే ఎనభై వేల పైచిలుకు. స్థానిక పన్ను అందులోనే కోసుకుంటారు. బాగా ఆడిన ప్రయాణంలోనే దాదాపు లక్షన్నర నష్టం వచ్చిందన్నమాట. ఖర్చుల అంకెలు నేను వేసిన అంచనాలే. మీ ట్రావెల్ ఏజెంటును అడిగి సరిచూసుకోండి, ఓ పదివేలు అటూఇటూ అయినా ఫలితం మారదు.

గట్టింగ్ ఖర్చు మీకు తెలిసే ఉంటుంది, కానీ వృత్తిపరంగా ఆడేటప్పుడు దాని లెక్కే వేరు. 200 మీటర్ల రీలు ఒకటి కొంటే, రాకెట్‌కు 12 మీటర్ల చొప్పున పదహారు రాకెట్లకు సరిపోతుంది. వారానికి మూడు నాలుగు తెంపే కుర్రవాడికి నెల తిరిగేసరికి ఆ రీలు అయిపోతుంది. గట్టి షాట్లు కొట్టే పిల్లవాడైతే అంతకాలం కూడా రాదు. ఇటువంటి చిన్న ఖర్చులు అకాడమీ వారిచ్చిన అరవై లక్షల అంచనాలో ఉన్నాయో లేవో అడిగి చూడండి.

భారత ఆటగాడు సుమిత్ నాగల్ ఉదాహరణను మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. సగం మాత్రమే చెప్పి ఉంటారని నా అనుమానం. 2024 జనవరిలో అతను ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ దాటి వచ్చి, సీడెడ్ ఆటగాడు (టోర్నీలో పై ర్యాంకు వల్ల ముందు వరసలో ఉంచినవాడు) అలెగ్జాండర్ బుబ్లిక్‌ను ఓడించాడు. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో ఒక భారతీయుడు సీడెడ్ ఆటగాడిని ఓడించడం 1989లో రమేశ్ కృష్ణన్ తర్వాత అదే మొదలు. అదే ఏడాది జూలైలో 68వ ర్యాంకుకు చేరాడు. ఆ ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు కొద్ది నెలల ముందు, 2023 సెప్టెంబరులో, తన బ్యాంకు ఖాతాలో మిగిలింది 900 యూరోలేనని, ఒక్క కోచ్‌ను మాత్రమే వెంటబెట్టుకుని తిరిగినా ఏడాదికి ఎనభై లక్షల నుంచి కోటి రూపాయల వరకు ఖర్చవుతోందని ఆయనే చెప్పాడు. అప్పటికి అతను భారత నంబర్ వన్, ఇండియన్ ఆయిల్ నుంచి జీతం కూడా అందుతోంది. 2015లోనే వింబుల్డన్ జూనియర్ బాలుర డబుల్స్ టైటిల్ గెలిచిన కుర్రవాడికి మొదటి వంద లోపల స్థిరపడడానికి తొమ్మిదేళ్లు పట్టింది. మీ అబ్బాయి ఇంకా జూనియర్ గ్రాండ్‌స్లామ్ దరిదాపులకు వెళ్లలేదు. నిరుత్సాహపరచాలని ఈ మాట అనడం లేదు, ఎన్నేళ్లకు డబ్బు సమకూర్చుకోవాలో తెలియాలని అంటున్నాను.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. అరవై లక్షలూ పదహారు, పదిహేడేళ్ల వయసులోనే శిక్షణకు ఖర్చయిపోతే, పద్దెనిమిదో ఏట ఎం15 టోర్నీలకు తిరగడం మొదలుపెట్టే రోజున మీ చేతిలో ఏమీ ఉండదు. స్పెయిన్‌లో క్లే కోర్టు మీద రెండేళ్లు ఆడితే ఆట మెరుగుపడుతుందని నేనూ ఒప్పుకుంటాను. కానీ మెరుగుపడిన ఆటతో టోర్నీలకు వెళ్లే స్తోమత లేక ఇంటికి తిరిగివచ్చిన పిల్లవాడికి ఇంటర్ సర్టిఫికెట్ కూడా లేకపోతే, ఆ కుటుంబం పడే బాధ ఆటలో ఓడిన బాధకన్నా పెద్దది.

ఆటనూ చదువునూ ఒకే దారిలో నడిపించే మార్గం ఒకటి ఉంది, దాన్ని మన ఉమ్మడి కృష్ణా జిల్లా బిడ్డే చూపించాడు. ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయం తరఫున ఆడి, అక్కడ చదువు ముగించుకుని ఆ తర్వాతే పూర్తిస్థాయి ఆటగాడయ్యాడు. 2014 ఆసియా క్రీడలలో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం సాధించాడు, 2016లో యూఎస్ ఓపెన్ క్వాలిఫయింగ్ దాటి మెయిన్ డ్రాలో ఆడాడు. తెలుగమ్మాయి సహజ యమలపల్లి టెక్సాస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం జట్టులో ఆడి వచ్చింది. కాలేజీకి వెళితే ఆట మందగిస్తుందన్న భయానికి ప్రపంచ స్థాయి ఆటగాళ్లు కామెరాన్ నోరీ, బెన్ షెల్టన్ వంటివారే జవాబు. వారు కూడా ఆ జట్లలోంచి వచ్చినవారే. కోర్టులు, ఫిజియో, కోచ్, జట్టు ప్రయాణాలు అన్నీ విశ్వవిద్యాలయం భరిస్తుంది. అమెరికా కాలేజీ ర్యాంకుల్లో సీజను ముగిసేనాటికి మొదటి ఇరవై మందిలో నిలిచినవారికి ఛాలెంజర్ టోర్నీలలో (ఎం15 కన్నా పై మెట్టు పోటీలలో) స్థానాలు ఇచ్చే పద్ధతిని 2023లో ఏటీపీ ప్రవేశపెట్టింది.

అయితే ఈ దారి ఏజెంట్లు చెప్పినంత నున్నగా ఉండదు. అబ్బాయిల జట్టు మొత్తానికి నాలుగున్నర స్కాలర్‌షిప్‌లే ఇవ్వాలన్న నియమం చాలాకాలం ఉండేది, వాటినే ఎనిమిది పది మంది పంచుకునేవారు. 2025 నుంచి ఆ నియమాలు మారాయి. అయినా పూర్తి స్కాలర్‌షిప్ ఖాయమని ముందే హామీ ఇచ్చే ఏజెంటును నమ్మకండి, హామీ ఇవ్వవలసింది విశ్వవిద్యాలయం కోచ్, అదీ రాతపూర్వకంగా. మంచి డివిజన్ 1 జట్ల (అమెరికా కాలేజీ క్రీడల్లో పై స్థాయి జట్ల) కోచ్‌లు ఆటగాడి స్థాయిని తెలిపే యూటీఆర్ అనే రేటింగు చూస్తారు. దాదాపు 12, ఆ పైన ఉంటే మాట ముందుకు సాగుతుంది. అబ్బాయి రేటింగు ఎంతో మీరు రాయలేదు, ముందుగా అది తెలుసుకోండి. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా మార్కులు అడుగుతారు కాబట్టి సీనియర్ ఇంటర్ మానేస్తే ఆ తలుపు మూసుకుపోయినట్టే. చదువు ముగిశాక ఏళ్లు గడిపి చేరితే ఆడే అర్హతలో కోత పడవచ్చు. ప్రైజ్‌మనీ తీసుకోవడంపైనా నియమాలు ఉన్నాయి. అందువల్ల ఇప్పటినుంచే ప్రతి టోర్నీకి పెట్టిన ఖర్చు రసీదులను ఒక ఫైలులో దాచండి, మన ఇళ్లలో ఈ అలవాటు తక్కువ.

అమెరికా కుదరకపోతే చెన్నై ఉంది. ఎస్.ఆర్.ఎం. వంటి విశ్వవిద్యాలయాలు టెన్నిస్ క్రీడాకారులకు ఫీజు రాయితీలు ఇస్తున్నాయి, రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి చేరవచ్చు. అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల సర్టిఫికెట్లు రైల్వేలు, ఆదాయపు పన్ను శాఖ వంటి చోట్ల క్రీడా కోటా ఉద్యోగాలకు పనికివస్తాయి. ఇంజినీరింగ్ సీట్లలోనూ ఆ కోటా ఉంది.

ఇక ప్లాటు. అబ్బాయి డిగ్రీ ముగించి, ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల వయసులో 500 పరిసర ర్యాంకుతోనో, కాలేజీ స్థాయిలో అగ్రశ్రేణి ఫలితాలతోనో నిలబడితే, అప్పుడు దాన్ని అమ్మడం గురించి ఆలోచించవచ్చు. అప్పుడైనా మూడేళ్ల గడువు, ఇంత సొమ్ము అని ముగ్గురూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. మొదటి ఏడాది చివరికి ఎక్కడ ఉండాలో, రెండో ఏడాది చివరికి ఎక్కడ ఉండాలో అందులోనే ఉండాలి. ర్యాంకింగ్ పాయింట్లు 52 వారాలకు రాలిపోతాయి గనుక, ఏడాదికొకసారి చూసుకుంటే ఎదుగుతున్నాడో నిలిచిపోయాడో స్పష్టంగా కనిపిస్తుంది.

డబ్బు ఇబ్బందితో ముడిపడిన మరో విషయం తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు. 156 డాలర్ల కోసం ఆడే కుర్రవాడికి, ఒక సెట్టు ఓడితే రెండు వేల డాలర్లు ఇస్తామని ఫోనులో సందేశం పంపేవారు ఉంటారు. చిన్న టోర్నీలపైనా ఆన్‌లైన్ పందాలు నడుస్తాయి మరి. 2021 నుంచి పనిచేస్తున్న టెన్నిస్ ఇంటెగ్రిటీ ఏజెన్సీ ఇటువంటి కేసులలో జీవితకాల నిషేధాలు కూడా విధిస్తోంది. ఒప్పుకోకపోయినా, అటువంటి సందేశం వచ్చిందని తెలియజేయకపోవడం కూడా నేరమే. అంతర్జాతీయ టోర్నీకి మొదటిసారి పంపే ముందే ఈ సంగతి అబ్బాయితో విడమరచి మాట్లాడండి.

నెలాఖరు గడువు మాటేమిటంటారా? అడ్వాన్సు కట్టకండి. గత ఐదేళ్లలో ఆ స్పెయిన్ కేంద్రానికి వీరు పంపిన పిల్లల పేర్లు, వెళ్లినప్పటి ర్యాంకు, ఇప్పటి ర్యాంకు రాసి ఇమ్మనండి. పేర్లుంటే ర్యాంకులు అంతర్జాతీయ సమాఖ్య వెబ్‌సైటులో మీరే సరిచూసుకోవచ్చు. రెండేళ్లకు బదులు సీనియర్ ఇంటర్ పరీక్షల తర్వాత వేసవిలో ఆరు వారాల శిక్షణకు మాత్రమే పంపే వీలుందేమో అడగండి. దానికి ప్లాటు అమ్మనక్కర్లేదు, అబ్బాయి స్థాయి ఏమిటో అక్కడి కోచ్‌ల నోటనే వినవచ్చు. వారి జవాబు, అబ్బాయి యూటీఆర్, పదో తరగతి, జూనియర్ ఇంటర్ మార్కులు జతచేసి మళ్లీ రాయండి. ఏయే విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేయవచ్చో అప్పుడు చూద్దాం.