చీకటి బాల్కనీలో మెంతి మొలకలు: మేనకోడలికి మామయ్య లేఖ

నల్లకుంట, హైదరాబాదు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

కొండాపూర్‌లో మీరు చేరిన ఫ్లాటు బాల్కనీ ఉత్తరం వైపు ఉందనీ, ఎదురుగా మరో అపార్ట్‌మెంట్ అడ్డు నిలబడడంవల్ల కొత్తిమీర కూడా పాలిపోయి సాగిపోతోందనీ, అందుకని సోలార్ ప్యానెల్‌తో నడిచే ఎల్ఈడీ దీపం సొంతంగా తయారు చేసుకోవాలనుకుంటున్నావనీ రాసిన ఉత్తరం అందింది. కుండీల నీళ్లు స్లాబులోకి దిగుతాయని అసోసియేషన్ వారు టెర్రస్ మీద మొక్కలకు ఒప్పుకోలేదు కాబట్టి సరే. ఒప్పుకుని ఉంటే ఈ దీపం జోలికి పోవద్దనే చెప్పేవాణ్ణి. ప్యానెల్ మీద పడిన ఎండలో సుమారు ఐదో వంతే కరెంటుగా మారుతుంది, అందులోనూ బ్యాటరీ, ఎల్ఈడీ తమ వాటా తీసుకున్నాకే మిగిలింది ఆకు మీద పడుతుంది. డబ్బు ఆదా అవుతుందన్న ఆశ కూడా పెట్టుకోకు. 10 వాట్ల దీపం రోజుకు 8 గంటలు వెలిగితే నెలకు అయ్యేది 2.4 యూనిట్లు మాత్రమే. ఆ బిల్లు మిగులుతో బ్యాటరీ ఖరీదు ఎన్నటికీ తిరిగి రాదు. బాల్కనీలో ప్లగ్గు లేదన్నావు, పని నేర్చుకోవాలన్న కోరికా ఉందన్నావు. ఆ రెండూ చాలు.

నేను మొదటిసారి చేసిన తప్పు నువ్వు చేయకూడదు. పగలు బ్యాటరీ నింపి రాత్రి దీపం వెలిగించాలని అందరికీ తోచినట్టే నాకూ తోచింది. యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ తెచ్చి, 10 వాట్ల దీపాన్ని రాత్రికి 8 గంటలు వెలిగించాను. బ్యాటరీలో ఉన్నది 84 వాట్ అవర్లు (12ను 7తో హెచ్చిస్తే), నేను తోడినది 80 (10 వాట్లు, 8 గంటలు). లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా చచ్చిపోతుందని తెలిసీ, చిన్న దీపమే కదా అని ఊరుకున్నాను; ఏడాది తిరక్కుండానే అది పాత ఇనుముకు పోయింది. ఆ తరువాత గాని నాకు అసలు సంగతి తట్టలేదు. ఎండ రాని మూలలో ఉన్న మొక్కకు మన పగలుతో పని లేదు, దానికి దీపం వెలిగినప్పుడే పగలు. అందుచేత దీపాన్ని పొద్దున 9 నుంచి సాయంత్రం 5 దాకా వెలిగించు. అప్పుడు కరెంటు చాలావరకు ప్యానెల్ నుంచి నేరుగా దీపానికి పోతుంది, మబ్బు పట్టినప్పుడు మాత్రమే బ్యాటరీ ఆసరా ఇస్తుంది. రాత్రి మొక్కకు చీకటీ దొరుకుతుంది, బ్యాటరీ ఏళ్ల తరబడి నిలుస్తుంది, పైగా చిన్నది సరిపోతుంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య ఉండి చార్జింగును అదుపు చేసే పెట్టెను చార్జ్ కంట్రోలర్ అంటారు. చౌకగా దొరికేవాటిలో చాలావాటికి వీధిదీపం పద్ధతి ఉంటుంది, అంటే పొద్దుగూకగానే దీపం వెలుగుతుంది. దాన్ని 24 గంటల పద్ధతికి మార్చి, విడిగా 12 వోల్టుల టైమర్ ఒకటి పెట్టుకో.

ప్యానెల్ 40 వాట్లది తీసుకో. పేరుకు 12 వోల్టుల ప్యానెలే అయినా అది 17, 18 వోల్టుల దగ్గర సుమారు 2.2 ఆంపియర్లు ఇస్తుంది; పీడబ్ల్యూఎం అనే మామూలు రకం కంట్రోలర్ దాన్ని బ్యాటరీ వోల్టేజికి లాగేస్తుంది కాబట్టి నీకు నిజంగా దక్కేది 29 వాట్ల లోపే. రోజుకు నాలుగున్నర గంటల నిండు ఎండ లెక్కన అది 130 వాట్ అవర్లు, వానాకాలంలో మూడు గంటలే అనుకుంటే 87. దీపానికి, మధ్యలో పోయే నష్టానికి కలిపి కావలసింది 90. లెక్క అంచు మీద ఉంది, కాబట్టి ముసురు పట్టిన వారంలో దీపం గంటలు తగ్గించు. ప్యానెల్‌ను టెర్రస్ మీద దక్షిణానికి తిప్పి, మన ఊరి అక్షాంశం 17 డిగ్రీలే కనుక అంతే వాలుగా పెట్టు. పిట్టగోడ నీడ ఒక మూల పడినా మొత్తం కరెంటు పడిపోతుంది, ఎందుకంటే లోపలి గడులన్నీ ఒకే వరుసలో కలిపి ఉంటాయి. ఎండాకాలం చివర వచ్చే ఈదురుగాలికి లేచిపోకుండా గట్టిగా బిగించు. టెర్రస్ నుంచి కిందికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు.

బ్యాటరీ మాత్రం లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌దే కొను: 12.8 వోల్టులు, 6 ఆంపియర్ అవర్లు, లోపల బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఉన్నది. చౌక అని 18650 అనే గుండ్రటి లిథియం సెల్లుల జోలికి పోకు. నేనొకసారి ఒక దుకాణంలో 9900 మిల్లీ ఆంపియర్ అవర్లని అచ్చువేసిన సెల్లులు కొని పరీక్షిస్తే అందులో పదో వంతు కూడా లేదు. ఆ పరిమాణంలో మంచి సెల్లు కూడా మామూలుగా 3500కు పెద్దగా మించదని గుర్తుపెట్టుకో. బ్యాటరీని ఎండ తగలకుండా ఇంట్లో ఉంచు. దాని పాజిటివ్ తీగకు, బ్యాటరీకి ఆనుకునేట్టుగా, 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టు. ఈ ఫ్యూజు విషయంలో మాత్రం నీ మాట వినను. కంట్రోలర్‌కు ముందు బ్యాటరీని, తరువాత ప్యానెల్‌ను కలపాలి. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. లిథియం ఫాస్ఫేట్ సెట్టింగ్ ఉన్న కంట్రోలరే అడుగు.

దీపానికి 2835 రకం తెల్ల ఎల్ఈడీ పట్టీ బాగుంటుంది. ఊదా రంగు దీపాలు కావాలని దుకాణాల్లో చెబుతారు గాని, ఆకు పచ్చ వెలుగును కూడా వాడుకుంటుంది. పైగా తెల్ల వెలుగులో తెగులు వెంటనే కనబడుతుంది. 12 వాట్లు వచ్చేంత పట్టీ కొని అల్యూమినియం ఛానెల్‌కు అంటించు, వేడి పోతుంది. పట్టీని నేరుగా బ్యాటరీకి కలపవద్దు. అందులో మూడేసి ఎల్ఈడీలు సుమారు 9 వోల్టులు తీసుకుంటే మిగతా 3 రెసిస్టర్ మీద పడతాయి. చార్జింగులో వోల్టేజి 14.4కు పోగానే రెసిస్టర్ మీద 5 దాటి, కరెంటు ఒకటిన్నర రెట్లకు పెరిగి, పట్టీ కాలి త్వరగా మసకబారుతుంది. మధ్యలో వోల్టేజిని తగ్గించే చిన్న బక్ కన్వర్టర్ పెట్టి 11.5 వోల్టులకు తిప్పు. అప్పుడు 12 వాట్ల పట్టీ సుమారు 10 వాట్లే తీసుకుంటుంది. వెలుగు కొంచెం తగ్గినా ఆయుష్షు పెరుగుతుంది.

ఇంత దీపానికి అడుగు పొడవు, అడుగు వెడల్పు ట్రే ఒకటే సరి. మెంతులు, ఆవాలు మొలకలుగా తినడానికి చల్లు. టమాటాలు కాయించాలని మాత్రం చూడకు. ఆకుకు నాలుగైదు అంగుళాల ఎత్తులో దీపం కట్టి, ఫోన్‌లో వెలుగును కొలిచే లక్స్ యాప్‌తో కొలువు, 6 వేల లక్స్ దాటితే చాలు. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ ఉంటుంది, ఆ తేడా చూసి దిగులు పడకు. మొలకలు సన్నగా సాగితే దీపాన్ని ఇంకా కిందికి దించు.

ఈ సామాను కోఠీ గుజరాతీ గల్లీలోనే దొరుకుతుంది. శనివారం పొద్దున రా, కలిసి వెళదాం; కొన్న ప్రతి మాడ్యూల్‌నూ దుకాణం ముందే నా మల్టీమీటర్‌తో కొలిచి చూసుకుందాం. మీ ఆయనకు సోల్డరింగ్ అలవాటు లేదన్నావు కదా, ఆ పని ఇక్కడ నా బల్ల మీద నీ చేతనే చేయిస్తాను.

ఇట్లు,
మీ మామయ్య