ఉదోన్ ముద్దైపోతోంది, ఏం చేయాలి? - మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల నేను జపాన్‌లోని తకమత్సులో తిన్న ఉదోన్ గురించి, అంటే అక్కడి లావుపాటి గోధుమ నూడుల్స్ గురించి, నాలుగు ముక్కలు రాశా కదా, దాని మీద ఇన్ని ఉత్తరాలొస్తాయని అస్సలు అనుకోలేదు. చాలామంది ఇంట్లో ట్రై చేసి ఎక్కడో ఒకచోట ఇరుక్కుపోయారు. అందుకే ఈసారి వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఉదోన్ ఒక్కదాని గురించే మాట్లాడుకుందాం.

ప్రశ్న: నమస్తే అక్కా. మీరు రాసింది చదివి మా పిల్లలు ఉదోన్ కావాలని ఒకటే గొడవ. మైదాని చపాతీ పిండిలా మెత్తగా కలిపి, వెంటనే పొడుగ్గా కోసి, ఉప్పేసిన నీళ్ళలో ఐదు నిమిషాలు ఉడికించా. పైనేమో జిగురు, లోపలేమో పచ్చి. అన్నీ అతుక్కుని ముద్దైపోయాయి, సూప్‌లో వేస్తే సూప్ కూడా గంజిలా అయిపోయింది. ఎక్కడ తప్పు చేశాను? - ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలోనే జవాబుంది. పిండి మెత్తగా కలిపారు, నాననివ్వలేదు, ఉప్పు పిండిలో వేయాల్సింది ఉడికే నీళ్ళలో వేశారు, ఉడికాక కడగలేదు. ఈ నాలుగూ సరిచేసుకుంటే చాలు, మిగతాదంతా మీ చేతికి వచ్చిన పనే.

ఉదోన్ అంటే పిండి, ఉప్పు, నీళ్ళు, అంతే. గుడ్డు లేదు, సోడా లేదు. అందుకే కొలత దగ్గర అశ్రద్ధ పనికిరాదు. ముగ్గురికి 300 గ్రాముల మైదా తీసుకోండి. 140 మిల్లీలీటర్ల నీళ్ళలో 15 గ్రాముల ఉప్పు, అంటే సుమారు రెండున్నర టీస్పూన్లు, పూర్తిగా కరిగించండి. ఎండాకాలమైతే ఇంకో మూడు గ్రాములు పెంచండి. ఇది నేను సొంతంగా చెప్తున్నది కాదు, జపాన్లో ఉదోన్ చేసేవాళ్ళకి 'దో సన్ కన్ రొకు' అని ఒక సామెత ఉంది, ముదురెండల్లో ఒక వంతు ఉప్పుకి మూడు వంతుల నీళ్ళు, చలిలో ఒకటికి ఆరు అని దాని అర్థం. ఇంట్లో చేసుకునేదానికి అంత ఉప్పు అక్కర్లేదు గానీ సూత్రం మాత్రం నిజం, వేడికి పిండి సాగిలపడిపోతుంది, ఉప్పు దాన్ని బిగించి పెడుతుంది. తినేటప్పుడు ఉప్పగా ఉంటుందేమోనని భయపడకండి, ఉడికేటప్పుడు చాలావరకు నీళ్ళలోకే పోతుంది, అందుకే ఉడికే నీళ్ళలో విడిగా ఉప్పు వేయరు.

ఉప్పునీళ్ళు ఒకేసారి గుమ్మరించకుండా చిలకరిస్తూ వేళ్ళ కొసలతో కలపండి. మొదట తడి రవ్వలా పొడిపొడిగా ఉంటుంది, చూస్తే ఇది ముద్ద అవుతుందా అనిపిస్తుంది, అప్పుడే ఇంకో గుక్కెడు నీళ్ళు పోయాలని చెయ్యి లాగుతుంది, పోయకండి. గట్టిగా దగ్గరికి నొక్కి, మూతపెట్టి అరగంట వదిలేస్తే తడి మొత్తం సమంగా పాకుతుంది. ఈ పిండి చపాతీ పిండి కంటే బాగా గట్టి, చేత్తో పిసకడం కష్టం. అందుకే అక్కడ మందపాటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పైన గుడ్డ కప్పి, మడమలతో తొక్కుతారు. తొక్కి పల్చనయ్యాక మడిచి మళ్ళీ తొక్కుతారు, అలా నాలుగుసార్లు. మనకి అన్నం పెట్టేదాన్ని కాలితో తాకడం మనసొప్పదు, నాకూ ఒప్పదు, నేను కవర్లో పెట్టి అప్పడాల కర్రతో నిలబడి ఒళ్ళు బరువంతా వేసి అదుముతా. పది నిమిషాలు పడుతుంది, ఫలితం బానే ఉంటుంది. పిండి నున్నగా అయ్యి, వేలితో నొక్కితే నెమ్మదిగా పైకి లేవాలి. ఆ తర్వాత రెండు గంటలు కదపకండి. ఈ రెండు గంటలు తగ్గించారంటే ఎంత కర్ర వేసినా పిండి వెనక్కి ముడుచుకుపోతుంది.

తర్వాత కార్న్‌ఫ్లోర్ చల్లుకుంటూ మూడు మిల్లీమీటర్ల మందాన ఒత్తి, చీర మడిచినట్టు మడతలు పెట్టి, అంతే వెడల్పున కోయండి. అన్నీ ఒకే మందం ఉంటేనే ఒకేసారి ఉడుకుతాయి. మీ ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద గిన్నె తీయండి, కనీసం మూడు లీటర్ల నీళ్ళు తెర్లుతుండగా వేసి, 10 నుంచి 12 నిమిషాలు ఉడికించండి. ఐదు నిమిషాలు సన్న సేమ్యాకి సరిపోతుంది గానీ దీనికి కాదు. ఒకటి తీసి కొరికి చూడండి, నడుమ తెల్లటి చుక్క కనిపిస్తే ఇంకా ఉడకాలి.

ఇప్పుడు అసలైన పని. వార్చిన వెంటనే చన్నీళ్ళ కింద పెట్టి, గుడ్డ ఉతికినట్టు రెండు చేతులతో రుద్ది కడగండి. పైనున్న జిగురంతా పోయి, నూడుల్ చేతిలో జారుతూ గాజులా మెరవాలి. ఆ తర్వాత వేడినీళ్ళలో ఒక్క క్షణం ముంచి, బౌల్‌లో వేసి, సూప్ పోయండి. మీ సూప్ గంజిలా అవ్వడానికి కారణం ఇలా కడగకపోవడమే. జపాన్ వాళ్ళు దీని పట్టుని 'కొషి' అంటారు, గట్టిగా ఉండటం వేరు కొషి వేరు, పంటికి మెత్తగా తగిలి మధ్యలో ఒకసారి ఎదురు తిరగాలి, అదీ కొషి.

తకమత్సు ఉన్న కగవాలో, అంటే షికోకు ద్వీపం మీదున్న, జపాన్ మొత్తంలో అన్నిటికన్నా చిన్న ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటిది), దీనికోసమే జనం బతుకుతారా అన్నట్టుంటుంది. దాని పాత పేరు సనుకి, అందుకే సనుకి ఉదోన్. 2011లో వాళ్ళు ప్రచారం కోసం తమ ప్రిఫెక్చర్‌కి 'ఉదోన్ కెన్', అంటే ఉదోన్ ప్రిఫెక్చర్, అనే పేరే పెట్టుకున్నారు. అక్కడి సెల్ఫ్ సర్వీస్ కొట్లలో ఎన్ని ఉండలు కావాలో చెప్తే చల్లటి నూడుల్ గిన్నెలో వేసి మన చేతికిస్తారు, మనమే జాలి గరిటెలో వేసుకుని వేడినీళ్ళలో ముంచి, కుళాయి తిప్పి సూప్ పట్టుకోవాలి. నేను మొదటిసారి అలా కుళాయి ముందు నిలబడ్డప్పుడు వెనకున్న ముసలాయన ఏమీ మాట్లాడకుండా నా చేతిలో గరిటె తీసుకుని, మూడుసార్లు పైకీ కిందకీ ఆడించి, నీళ్ళు దులిపి నా గిన్నెలో వేశాడు. నీళ్ళు దులపాలి, లేకపోతే సూప్ పల్చబడిపోతుంది, ఆ సంగతి నాకు ఆయన చేతిని చూసే తెలిసింది.

ప్రశ్న: అమ్మా, మేము శాకాహారులం. మా అన్నయ్య కొడుకు ఒసాకా నుంచి కొంబు తెచ్చాడు, సముద్రపు నాచు ఎండబెట్టింది. దానిమీద తెల్లగా ఏదో ఉంటే శుభ్రంగా కడిగి, అరగంట మరిగించాను. జిగురు, పైగా సముద్రం వాసన. చేప లేకుండా ఈ సూప్ అసలు కుదురుతుందా? - ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: చక్కగా కుదురుతుందండీ. చారు కాచే చెయ్యే కదా మీది, చారుని పొంగు రాగానే దించేస్తాం, కుతకుతా మరిగిస్తే వాసన పోయి చేదెక్కుతుంది. కొంబు అంతకన్నా సుకుమారం. ఆ తెల్లటి పొడి మురికి కాదు, దాన్ని కడగకుండా పొడి గుడ్డతో పైపైన తుడిస్తే చాలు.

ఒక లీటరు నీళ్ళలో 10 గ్రాముల కొంబు, నాలుగైదు ఎండు షిటాకే పుట్టగొడుగులు వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టేయండి. పొద్దున పుట్టగొడుగులు తీసేసి, సన్నమంట మీద పది నిమిషాలు నెమ్మదిగా వేడి చేయండి, గిన్నె అడుగున చిన్న చిన్న బుడగలు మొదలవ్వగానే కొంబు తీసేయండి. ఆ తర్వాత ఎంత మరిగించినా పర్లేదు. సూప్‌కి ఆధారమైన ఈ నీళ్ళే దషి. జపాన్‌లో బౌద్ధ ఆలయాల్లో సన్యాసులు తినే వంటలో కూడా చేప ఉండదు, వాళ్ళూ ఇలాగే కొంబు, షిటాకేలతోనే చేస్తారు.

ఇంకో ముఖ్యమైన సంగతి, నీళ్ళు. బోరు నీళ్ళలో ఉప్పులు ఎక్కువ, అందులో కొంబు రుచి సరిగ్గా దిగదు. తాగే ఆర్వో నీళ్ళు వాడండి, తేడా మీకే తెలుస్తుంది.

దషిలో మూడు టేబుల్ స్పూన్ల సోయా సాస్, అర టీస్పూన్ ఉప్పు, ఒక టీస్పూన్ పంచదార వేయండి. జపాన్లో పంచదార బదులు మిరిన్ పోస్తారు గానీ అందులో ఆల్కహాల్ ఉంటుంది, అక్కర్లేదనుకుంటే పంచదార చాలు. సోయా కూడా జపాన్‌దే తీసుకోండి, చిక్కటి నల్ల డార్క్ సోయా సాస్‌తో ఈ సూప్ రాదు. చప్పగా ఉందనిపించి అల్లం వెల్లుల్లి ముద్ద, మిరియాలు, ధనియాల పొడి వెయ్యాలనిపిస్తుంది, దయచేసి ఈ ఒక్కసారికి ఆగండి, రెండో గుక్క నుంచి నాలుకకి అందుతుంది. 1908లో టోక్యోలో కికునయె ఇకెద అనే ప్రొఫెసర్ ఈ కొంబు నీళ్ళలోంచే గ్లుటమేట్‌ని వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. షిటాకేలో ఉండే గ్వానిలేట్ తోడైతే అది ఎన్నో రెట్లు పెరుగుతుంది, అందుకే రెండూ కలిపి వాడమంటున్నా. కావాలంటే పైన అల్లం తురుము, ఉల్లికాడలు వేసుకోండి, అవి వాళ్ళూ వేసుకుంటారు.

మీ మేనల్లుడికి కూడా ఒక మాట చెప్పండి. అక్కడ హోటల్లో పైన కూరగాయలో టోఫునో ఉన్నంత మాత్రాన ఉదోన్ శాకాహారం అయిపోదు, సూప్‌లో ఎండబెట్టిన బొనిటో చేప తురుము, అంటే కట్సువోబుషి గానీ, కగవాలో అయితే ఇరికో అనే ఎండు చిన్న చేపలు గానీ దాదాపు ఎప్పుడూ ఉంటాయి. దషి పొడి ప్యాకెట్లదీ అదే సంగతి, కొంబు అని రాసినా వెనక చదవాల్సిందే.

ప్రశ్న: టోక్యో నిషి కసాయిలో ఉంటున్నాం. ఒసాకాలో తిన్న ఉదోన్ సూప్ లేత బంగారం రంగులో ఉంది, ఇక్కడేమో నల్లగా. ఏది అసలైనది? - ఒక పాఠకుడు, టోక్యో

జవాబు: రెండూ అసలైనవే. ఒసాకా వైపు ఉసుకుచి అనే లేత రంగు సోయా వాడతారు, టోక్యో వైపు కొయికుచి అనే ముదురుది. రంగు లేతగా ఉందని ఉప్పు తక్కువ అనుకోకండి, ఉసుకుచిలోనే ఉప్పు ఎక్కువ, ఇంట్లో చేసేటప్పుడు ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒకప్పుడు హొక్కైదో నుంచి కొంబు ఓడల్లో ఒసాకాకి చేరేది, అలా అక్కడి వంటంతా కొంబు మీద నిలబడింది, కొంబు రుచి తెలియాలంటే సోయా వెనక ఉండాలి. టోక్యో వైపు కట్సువోబుషి ఘాటు ఎక్కువ, దానికి ముదురు సోయా తట్టుకుంటుంది. మీ వీధిలో సూపర్‌మార్కెట్‌లో నిస్సిన్ వాళ్ళ దోన్‌బేయి కప్పులుంటాయి చూడండి, తూర్పుకి ఒక రుచి, పడమరకి ఒక రుచి, కప్పు మీద ఇంగ్లీషులో ఈ (E, తూర్పు) అనో డబ్ల్యూ (W, పడమర) అనో చిన్నగా ఉంటుంది. ఒసాకా వెళ్ళే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే డబ్ల్యూ ఒకటి తెప్పించుకుని రెండూ పక్కపక్కన పెట్టుకుని తాగండి. నా మనసు మాత్రం ఒసాకా వైపే.

ప్రశ్న: మైదా బదులు గోధుమ పిండి వాడొచ్చా? మిగిలిపోతే దాచొచ్చా? - ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వాడకండి. పొట్టు ఉన్న పిండికి ఆ నునుపు రాదు, ఒత్తేటప్పుడే అంచులు చిట్లుతాయి. వారంలో ఒకసారి తినేదానికి మైదా పర్లేదు. కోసిన పచ్చి నూడుల్స్‌ని పిండి చల్లి డబ్బాలో పెడితే మర్నాటికి ఫ్రిజ్‌లో బానే ఉంటాయి, ఉడికించినవి మాత్రం అప్పుడే తినేయాలి. సూప్ రెండు రోజులు ఉంటుంది. ఇక తీసేసిన కొంబు పారేయకండి, సన్నగా తరిగి, కొంచెం సోయా, పంచదార, నీళ్ళు పోసి దగ్గరయ్యేదాకా ఉడికించి, పైన నువ్వులు చల్లుకోండి. వాళ్ళు దీన్ని అన్నంలోకే తింటారు, వేడన్నంలో చిటికెడు కలుపుకుంటే చాలు, ముద్ద దిగిపోతుంది.