పొదుపు సరే, పొద్దు మాటేమిటి?

ప్రశ్న: నా వయసు 46. ఉద్యోగం మానేసి 14 నెలలైంది. సొంతిల్లుంది, అప్పుల్లేవు. పాప చదువుకు కావలసింది విడిగా పక్కన పెట్టేశాం. అది పోను మిగిలిన పొదుపు మా ఏడాది ఖర్చుకు 30 రెట్లు ఉంటుంది. అందులో 70 శాతం ఈక్విటీ (అంటే షేర్ల) ఫండ్లలో, 30 శాతం డిపాజిట్లలో ఉంది. మా ఇద్దరికీ ఇదే ఆధారం. లోటేమీ కనిపించడం లేదు, అయినా పొద్దున్నే ఫోన్లో బ్యాలెన్స్ చూసుకోనిదే మంచం దిగలేకపోతున్నాను. ఐడీ కార్డు ఇంకా తలుపు పక్క కొక్కేనికే వేలాడుతోంది, తీయబుద్ధి కావడం లేదు. పాత ఆఫీసువాళ్లు మళ్లీ రమ్మంటున్నారు. వెళ్లిపోనా? (మొన్న ఎదురింటి అమ్మాయికి భిన్నాలు చెబుతుంటే మాత్రం గంటసేపు ఫోన్ గుర్తుకే రాలేదు.)

జవాబు: బ్రాకెట్లలో పెట్టి వదిలేసిన ఆ చివరి వాక్యం దగ్గరికి మళ్లీ వస్తాను. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం.

ఏడాది ఖర్చుకు 25 రెట్లు ఉంటే చాలన్న మాట మీరూ వినే ఉంటారు. దానికి మూలం 1994లో విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు వేసిన లెక్క. మొదటి ఏడాది పొదుపులో 4 శాతం తీసుకుని, తర్వాత ఏటా ధరల పెరుగుదల మేరకు పెంచుకుంటూ పోతే అక్కడి గత చరిత్రలో ఎప్పుడు రిటైరైనవాళ్లకైనా కనీసం 30 ఏళ్లు డబ్బు నిలిచిందని ఆయన చూపించారు. 60 దాటినవాళ్లకు 30 ఏళ్లు సరిపోవచ్చు. మీరు 46లో మానేశారు, 45 ఏళ్లకు లెక్క వేసుకోవాలి. 30 రెట్లు అంటే మీరు తీసేది 3.3 శాతం. నా లెక్కలో ఇది జాగ్రత్తగా వేసిన అడుగే. మీ ఖర్చులో పన్నులు, ఇంటి మరమ్మతులు కలిసున్నాయో లేదో ఒకసారి చూసుకోండి. ఆఫీసు ఇచ్చిన వైద్య బీమా ఉద్యోగంతోనే పోయి ఉంటుంది. సొంతంగా తీసుకోకపోయి ఉంటే ఈ వారమే తీసుకోండి, ఇది వాయిదా వేసే పని కాదు.

ధరల సంగతి కూడా తేలిగ్గా తీసుకోకూడదు. ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లకు ఖర్చు రెట్టింపవుతుంది. ఇవాళ 100 అయ్యేది మీకు 58 ఏళ్లు వచ్చేసరికి 200, 70కి 400, 82కి 800. అందుకే భయమేసి ఉన్నదంతా డిపాజిట్లలోకి మార్చేయకండి. ఈక్విటీ ఉన్నది ఆ 800 కోసం.

అసలు ప్రమాదం మొదటి పదేళ్లలోనే ఉంది. ఏడాది ఖర్చు 100 అనుకుందాం, పొదుపు 3,000. ఈక్విటీలో 2,100, డిపాజిట్లలో 900. మార్కెట్ 40 శాతం పడిందనుకోండి. 2,100 కాస్తా 1,260 అవుతుంది. ఆ ఏడు మీరు ఖర్చు పెట్టిన 100 కూడా పోను చేతిలో 2,060 మిగులుతుంది. మరుసటి ఏడు ఖర్చు 106. అంటే తీసేది 3.3 నుంచి 5 శాతం పైకి ఎగబాకింది. ఇదే పతనం 75 ఏళ్ల వయసులో వస్తే మీకు పెద్ద నష్టం ఉండదు. 48లో వస్తే, పడిన ధరకు యూనిట్లు, అంటే ఫండ్లలో మీ వాటాలు, అమ్ముకుంటూ పోతే, తర్వాత మార్కెట్ లేచినా లేవడానికి మీ దగ్గర యూనిట్లు మిగలవు. మీకున్న రక్ష ఆ 900. ఎనిమిది తొమ్మిదేళ్ల ఖర్చు అది. మార్కెట్ పడినప్పుడు ఈక్విటీని ముట్టుకోకుండా డిపాజిట్ల నుంచే తినండి. దానికి తోడు 2006లో జొనాథన్ గైటన్, విలియం క్లింగర్ అనే ఇద్దరు ఇలాంటి లెక్కలే వేసి చెప్పిన పద్ధతి ఒకటుంది: పొదుపు నుంచి తీసే శాతం, మొదలుపెట్టిన శాతం కన్నా ఐదో వంతు పెరిగితే, అంటే మీ విషయంలో 4 శాతం దాటితే, ఆ ఏడు ఖర్చు పదో వంతు తగ్గించుకోవడం. అలా తగ్గించుకోగలిగే ఖర్చులు ఏమిటో భార్యాభర్తలు ఇప్పుడే, నిమ్మళంగా ఉన్నప్పుడే రాసుకోండి.

ఇప్పుడు ఇంకో అంకె చూడండి. అదే కష్టకాలంలో మీరు ఏదో ఒక పని చేసి ఖర్చులో మూడో వంతు, అంటే 35 సంపాదించారనుకుందాం. 106లో 35 పోగా పొదుపు నుంచి తీయాల్సింది 71. 2,060లో అది దాదాపు 3.4 శాతం. మార్కెట్ 40 శాతం పడినా మీరు బయల్దేరిన చోటికే వచ్చేశారు! ఎంత గొప్ప ఫండు కొన్నా ఇంత రక్షణ ఇవ్వలేదు. పెద్ద జీతం అక్కర్లేదు. వారంలో రెండు రోజుల పని చాలు.

కానీ మిమ్మల్ని పొద్దున్నే ఫోన్ పట్టుకునేలా చేస్తున్నది ఈ లెక్కలేవీ కావని నా నమ్మకం. 1930ల మొదట్లో ఆస్ట్రియాలో మారియెంతాల్ అనే చిన్న ఊళ్లో బట్టల మిల్లు మూతపడింది. మారీ యహోదా, ఆమె తోటి పరిశోధకులు అక్కడికి వెళ్లి, గడియారం పెట్టి మరీ జనం నడక వేగం కొలిచారు. మగవాళ్ల నడక నెమ్మదించింది, ఊరికే ఆగి నిలబడుతున్నారు. లైబ్రరీలో రుసుము ఎత్తేసినా తీసుకెళ్లే పుస్తకాలు దాదాపు సగానికి పడిపోయాయి. తీరిక పెరిగింది, చదువు తగ్గింది! వాళ్లకు డబ్బు లేదు, మీకుంది. ఆ తేడా చిన్నదేమీ కాదు. అయినా ఉద్యోగం జీతంతో పాటు ఇంకేమిస్తుందో యహోదా తర్వాత చెప్పిన మాట మీకూ వర్తిస్తుంది: రోజంతటికీ ఓ ఆకారం, ఇంటి బయట మనుషులు, నలుగురితో కలిసి చేసే పని, ఒక గుర్తింపు, చేతికి తీరిక లేకపోవడం. మీరు 30 రెట్లు కూడబెట్టింది జీతానికి బదులుగా. మిగతా వాటికి బదులు ఇంకా వెతుక్కోలేదు. ఆ ఐడీ కార్డు కొక్కేనికి వేలాడుతున్నది అందుకే. తీయలేకపోతున్నందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

నా దగ్గరికి వచ్చే ముందస్తు రిటైరీల్లో ఒకాయన రోజూ ఎక్సెల్ షీటు తెరిచి, తనకు ఎన్నేళ్లు వచ్చేసరికి డబ్బు అయిపోతుందో కొత్తగా లెక్క కట్టేవారు. ఒకసారి 91 ఏళ్లని, ఒకసారి 88 అని నాకు మెసేజ్ పెట్టేవారు. పాత సైకిళ్లు బాగుచేసి ఇవ్వడం మొదలెట్టాక ఆ మెసేజ్‌లు ఆగిపోయాయి. షీటులో ఒక్క అంకె కూడా మారలేదు. మొన్న వచ్చినప్పుడు గోళ్ల సందుల్లో గ్రీజు ఉంది, రాబడి గురించి అడగడమే మర్చిపోయారు.

మీరు చేయాల్సింది చెబుతాను. పొదుపు యాప్‌ను ఫోన్లోంచి తీసేయండి. ప్రతి నెలా ఒకటో తారీఖున డిపాజిట్ ఖాతా నుంచి ఖర్చుల ఖాతాకు నిర్ణయించిన మొత్తం దానంతటదే వచ్చేలా ఏర్పాటు చేసుకోండి. జీతం పడినట్టే ఉంటుంది. మొత్తం లెక్క ఏడాదికి ఒక్కసారి, మీ పుట్టినరోజుకు చూసుకుంటే చాలు. పాత ఆఫీసుకు మాత్రం ఇప్పుడే పూర్తికాలానికి ఒప్పుకోవద్దు. భయంతో వెళితే ఏడాది తిరిగేసరికి మళ్లీ మానేయాలనిపిస్తుంది. వారానికి రెండు రోజులు, ఆరు నెలల ఒప్పందం మీద వస్తానని అడిగి చూడండి. కాదంటే ఆ తలుపు మూసుకున్నా మీకు నష్టం లేదు.

ఇక ఆ భిన్నాల సంగతి. అది బ్రాకెట్లలో ఉండాల్సిన వాక్యం కాదు. వచ్చే సోమవారం నుంచి సాయంత్రం ఒక సమయం పెట్టుకుని, ఆ అమ్మాయితో పాటు ఇంకో ఇద్దరిని కూర్చోబెట్టుకోండి. మొదటి మూడు నెలలు ఫీజు తీసుకోవద్దు, మీకు నచ్చుతోందో లేదో తెలియడానికి. నచ్చితే ఫీజు పెట్టండి, మొహమాటపడకండి. ఆ మూడో వంతు ఎంతో పైన చూశారుగా. మూడు నెలలయ్యాక నాకు మళ్లీ రాయండి. బ్యాలెన్స్ ఎంతుందో అక్కర్లేదు, పిల్లలు ఎంతమందయ్యారో రాయండి.