గ్రాఫీన్ ఓఎస్ వేస్తే యూపీఐ, బ్యాంకు యాప్‌లు ఏమవుతాయి?

అన్నా, కావలిలో మీ షాపు లావాదేవీలన్నీ యూపీఐ మీదే కదా, గూగుల్ వాళ్ళ పాత పిక్సెల్ ఫోన్ కొని, అందులో మామూలు ఆండ్రాయిడ్ బదులు గ్రాఫీన్ ఓఎస్ (ఆండ్రాయిడ్ మీదే ప్రైవసీ, భద్రత కోసం తయారుచేసిన సిస్టమ్) వేస్తే అవి ఆగిపోతాయేమోనని మీ భయం. ముందు ఒక టెన్షన్ తీసేయండి. గల్లాపెట్టె దగ్గర అతికించిన క్యూఆర్‌కి వచ్చే డబ్బు మీ ఫోన్‌తో సంబంధం లేకుండా ఖాతాలో పడుతుంది. సౌండ్ బాక్స్‌కి దాని సిమ్ దానికే ఉంటుంది.

నేను ఒంగోలులో ఏడాదిగా ఇదే వాడుతున్నాను. ఇందులో గూగుల్ ప్లే ముందే ఉండదు, మనమే వేసుకోవాలి. వేసుకున్నా అది పెత్తనం చెయ్యదు, మిగతా యాప్‌లలాగే మనమిచ్చిన పర్మిషన్లతో పడి ఉంటుంది. వాట్సాప్‌కి ఏ ఇబ్బందీ లేదు.

చిక్కంతా బ్యాంకు యాప్‌లతోనే. కొన్ని యాప్‌లు గూగుల్ సర్టిఫై చేసిన సిస్టమ్ మీదే తెరుచుకుంటాయి, గ్రాఫీన్‌కి ఆ సర్టిఫికెట్ లేదు. నా బ్యాంకు యాప్ నొక్కగానే మూసుకుపోయేది. యాప్ ఇన్ఫోలోకి వెళ్ళి ‘ఎక్స్‌ప్లాయిట్ ప్రొటెక్షన్ కంపాటిబిలిటీ మోడ్’ (ఆ ఒక్క యాప్‌కి గ్రాఫీన్ అదనపు రక్షణల్ని సడలించే మీట) ఆన్ చేశాక తెరుచుకుంది. ఇంకో బ్యాంకుది ఏం చేసినా రాలేదు, దాన్ని బ్రౌజర్‌లోనే వాడుతున్నాను. మీ బ్యాంకు పేరుతో గ్రాఫీన్ వాడేవాళ్ళ అనుభవాలు ముందే వెతకండి.

యూపీఐ రిజిస్ట్రేషన్‌కి మీ సిమ్ నుంచే ఎస్సెమ్మెస్ వెళ్ళాలి, కాబట్టి ఆ యాప్‌ని ఓనర్ ప్రొఫైల్‌లోనే (ఫోన్‌లో మొదటి నుంచీ ఉండే ప్రధాన యూజర్) పెట్టుకోండి.

పాత పిక్సెల్ కొనేటప్పుడు అక్కడే వైఫై పెట్టి, సెట్టింగ్స్‌లోని డెవలపర్ ఆప్షన్స్‌లో ‘ఓఈఎమ్ అన్‌లాకింగ్’ (వేరే సిస్టమ్ వేసుకోనిచ్చే మీట) ఆన్ అవుతుందో లేదో చూడండి. ఆ మీట బూడిదరంగులో ఉండి కదలకపోతే కొనొద్దు. గ్రాఫీన్ వేయడానికి బూట్‌లోడర్‌ని (ఫోన్ ఆన్ అవగానే సిస్టమ్‌ని లోడ్ చేసే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేస్తే ఫోన్‌లో ఉన్నదంతా పోతుంది. ఇన్‌స్టాల్ అయ్యాక బూట్‌లోడర్‌ని తప్పకుండా మళ్ళీ లాక్ చెయ్యండి. ఇప్పుడున్న ఫోన్‌ని మాత్రం ఒక నెల అమ్మకండి.