ఏ పసుపు, నాయనా?

నాయనా,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏకబిగిన, రెండోసారి పెన్సిలు పట్టుకుని. పసుపు రంగు చూస్తే ఓర్చుకోలేని ఆరేళ్ళ పాప మీద కథ రాయాలన్న ఆలోచనే నాకు బాగా నచ్చింది. మన ఇళ్ళల్లో పసుపుని తప్పించుకుని బతకడం ఎలా? గడపకి పసుపు, పప్పులో పసుపు, శుభలేఖ నాలుగు మూలలా పసుపు, పేరంటంలో కాళ్ళకి పసుపు. పోనీ వీధిలోకి పోదామంటే స్కూలు బస్సు. కథకి కావలసిన గొడవంతా ఆ ఇంట్లోనే ఉంది. నువ్వు దాన్ని అక్కడే వదిలేసి, చివరి రెండు పేజీల్లో డాక్టరు దగ్గరికి పరిగెత్తావు.

ముందు ఒక్కటి చెప్పు. ఏ పసుపు? మొదటి పేజీలో "పాపకి పసుపంటే భయం" అన్నావు. ఏడో పేజీలో అదే పాప బంగినపల్లి ముక్కలు జుర్రుకుంటూ తింటోంది. పొరపాటైతే దిద్దుకో. కావాలనే రాసి ఉంటే మాత్రం అక్కడే ఆగు, నీ కథ అక్కడుంది. చీరల కొట్లో ఓ గంట కూర్చుని విను. నిమ్మపండు రంగు, సంపెంగ రంగు, గంధం రంగు, ముద్దబంతి రంగు... ఒక్క పసుపుకే ఇన్ని మాటలున్నాయి మనకి. పాపకి మామిడిపండు పర్వాలేదేమో, అక్క పాఠ్యపుస్తకంలో గీతలు గీసే ఆ మెరుపు పెన్ను పడదేమో. దానికి కారణమూ ఉంది. పట్టపగలు మన కన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకునేది పసుపూ ఆకుపచ్చా కలిసే చోట ఉండే కాంతిని, 555 నానోమీటర్ల దగ్గర. పైగా ఆ మెరుపు రంగులు కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని కూడా మింగి, కనిపించే వెలుగుగా బయటికి వదులుతాయి. రోడ్డు పనివాళ్ళకి ఆ రంగు కోట్లు తొడిగేది అందుకే. అందరికీ కొట్టొచ్చినట్టు కనిపించేది ఒక పసివాడికి నిజంగానే కొట్టినట్టు ఉండొచ్చు.

మా పక్కింట్లో అలాంటి పిల్లవాడు ఉండేవాడు. వాడు ఏడ్చేవాడు కాదు, అరిచేవాడు కాదు. కంచంలో పప్పన్నం పెడితే దాని మీద గోంగూర పచ్చడి అంచుల దాకా పరిచేవాడు, ఇటుకల మీద సిమెంటు పూసినంత శ్రద్ధగా. ఎక్కడా పసుపు కనిపించడం లేదని చూసుకుని, అప్పుడు మొదటి ముద్ద. వాళ్ళమ్మ ముందు కారం కోసం అనుకుంది. ఓసారి హాల్లో గోడకి కొత్త రంగు వేయించారు. వాడు నా దగ్గరికొచ్చి, "పెద్దమ్మా, ఆ గోడ ముందుకొస్తోంది" అన్నాడు. నీ కథలో "ఆమెకు భయం వేసింది" అని పదకొండు చోట్ల ఉంది. పదకొండూ కొట్టేయ్. పాప ఏం చేస్తుందో రాయి, ఏం అంటుందో రాయి.

పసుపు పందిరి చూసి పాపకి మూర్ఛ వచ్చిందని రాశావే, అది తప్పు. పందిరి పసుపుగా ఉన్నంత మాత్రాన మూర్ఛ రాదు. వేగంగా వెలిగి ఆరే కాంతికి, అదీ అలాంటి తత్వం ఉన్నవాళ్ళకి రావొచ్చు. 1997 డిసెంబరు 16న జపాన్‌లో పోకెమాన్ కార్టూన్‌లో ఎరుపూ నీలమూ సెకనుకి పన్నెండుసార్లు మారుతూ మెరిశాయి. ఆ సాయంత్రం 685 మంది పిల్లల్ని ఆసుపత్రులకి తీసుకెళ్ళారు. అది వేరే సంగతి, నీ పాపది వేరే సంగతి. రెండూ కలిపేస్తే, కథ చదివిన ఏ తల్లో పసుపు బట్టలు చూసి హడలిపోతుంది.

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. వర్ణాంధత్వం ఉన్న కుర్రాడి మీద రాసిన కథలో, వాడికి లోకమంతా పాత సినిమాలా నలుపూ తెలుపే అన్నాను. ఒక తల్లి కార్డు రాసింది. "మా వాడికి రంగులు కనిపిస్తాయమ్మా. ఎరుపు, ఆకుపచ్చ దగ్గరే తడబడతాడు. పండుమిరప, పచ్చిమిరప ఏరమంటే గిల్లి చూస్తాడు." ఆ గిల్లి చూడటం నా కథలో లేదు. ముప్పై ఏళ్ళయింది, ఆ కార్డు ఇంకా దాచుకున్నాను.

డాక్టరు చేత ఒక్క వాక్యంలో "ఆటిజం" అనిపించి తెర దించేశావు. ఆటిజం ఉన్న పిల్లల్లో వెలుగు, చప్పుడు, స్పర్శ మరీ తీవ్రంగా తగలడం చాలామందిలో ఉంటుంది. 2016లో ఫ్రాన్స్‌లో అలాంటి మగపిల్లల మీద జరిపిన చిన్న అధ్యయనంలో మిగతా పిల్లలకంటే వాళ్ళకి పసుపు మీద ఇష్టం తక్కువని తేలింది. నిజమే. అయితే ఒక్క రంగు పడనంత మాత్రాన ఆ మాట అనేయరు ఏ డాక్టరూ. ఆపైన పాప చేత పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ వేయించి అందరినీ సంతోషపెట్టావు. పాప మారితేనే మనకి ముద్దొస్తుందా? ఆ పేజీ తీసెయ్, నాయనా.

నాయనమ్మని కూడా మళ్ళీ చూడు. దిష్టి తీయడం తప్ప ఆవిడకి నువ్వు ఇంకో పనివ్వలేదు. మా పక్కింటి పిల్లవాడి నాయనమ్మ శుక్రవారం తెల్లవారుజామునే గడపకి పసుపు రాసే మనిషి. కొన్నాళ్ళకి, వాడు స్కూలుకి వెళ్ళాక రాయడం మొదలుపెట్టింది. సాయంత్రం వాడొచ్చేసరికి అది ఆరి, తొక్కుడుపడి, సగం రంగు దిగి ఉండేది. ఎందుకలా అని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఇక బస్సు. నీ కథలో పాప బస్సు ఎక్కనని మొరాయించి బడి మానేస్తుంది. మా పక్కింటివాడు ఆయమ్మ కొంగు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, మూడు మెట్లూ లెక్కపెట్టుకుంటూ ఎక్కేవాడు. లోపల కూర్చున్నాక కళ్ళు తెరిచి, కిటికీలోంచి మాకు చెయ్యి ఊపేవాడు. లోపలి నుంచి చూస్తే బస్సు పసుపుగా ఉండదు కదా.

నీ పాపని కూడా ఓసారి బస్సెక్కించి చూడు. ముందు ఆ ఒక్క పేజీ రాసి పంపు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ